పటం చివరి ఖాళీ జాగా

ఈదయ్యకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. తాడును చూసి పామేమో అని జంకేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. ఈదయ్య అక్కడితో ఆగేవాడు కాదు. ఆ తాడును ఇక్కడ ఎవరు పారేశారు, ఎందుకు పారేశారు అని చుట్టూ కలియజూసేవాడు. తిరుమలగిరి పక్కన ఒక చిన్న పల్లె ఆయనది. పటం కథ చెప్పడం తాతలనాటి వృత్తి. కల్లు గీసే గౌండ్ల ఇండ్ల ముందు గుంజలు పాతి, నిలువెత్తు గుడ్డను వేలాడదీసి, దాని మీద వరుసగా వేసిన బొమ్మలను కర్రతో చూపిస్తూ కథ నడిపించాలి. లోకం ఎట్లా పుట్టిందో, తాటిచెట్టు భూమ్మీదికి ఎట్లా వచ్చిందో, దాన్ని గీసే కులం ఎక్కడి నుంచి దిగిందో అంతా చెప్పాలి. సూర్యాపేట నుంచి కోదాడ దాకా, ఇటు మిర్యాలగూడ దాకా ఆయనకు హక్కు ఊళ్ళు ఉండేవి. ఆ ఊళ్ళల్లో ఇంకో పటంవాడు గుంజ పాతకూడదు. ఈయన వాళ్ళ ఊళ్ళల్లో పాతకూడదు.

కథకు ముగ్గురు కావాలి. కర్ర పట్టేది ఈదయ్య. వంత పాడేది ఆయన భార్య జానమ్మ. మద్దెల వాయించేది జానమ్మ తమ్ముడు సోమయ్య. తల్లి పోతే తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచిన మనిషి జానమ్మ. పెళ్ళయి అత్తగారింటికి వస్తూ సారెతో పాటు వాణ్ణీ వెంట తెచ్చుకుంది. సోమయ్యకు ఇప్పుడు ముప్పయి దాటినా ఆమె కంటికి ఇంకా అన్నం తిన్నాడో లేదో అడగాల్సిన పిల్లవాడే.

పటానికి ఒక రివాజు ఉంది. బొమ్మలన్నీ అయిపోయాక అడుగున కొంత గుడ్డను ఖాళీగా వదిలేయాలి. అది ఇంకా పుట్టనివాళ్ళ జాగా అని పెద్దలు చెప్పేవాళ్ళు. తాతలు ఆ చోటికి వచ్చేసరికి మంగళం పాడి పటం చుట్టేసేవాళ్ళు. ఈదయ్య చుట్టలేదు. ఆ ఖాళీ మీద కర్ర ఆనించి, రాబోయే కాలం ముచ్చట చెప్పడం మొదలుపెట్టాడు.

ఇది మొదలైంది సూర్యాపేటలో. పెద్ద యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులను బొగ్గుతో నడిపేవాళ్ళు. బస్సు వెనక పొయ్యి లాంటిది ఒకటి ఉండేది. తొలిసారి దాన్ని చూసిన జనమంతా ముందు నిలబడి నోరు తెరిస్తే ఈదయ్య వెనక్కి పోయాడు. అక్కడ ఒకడు చెమటలు కక్కుతూ చక్రం తిప్పి నిప్పు రాజేస్తున్నాడు.

"సూసినవానే, ఎడ్లు పోయినయి గని వెట్టి పోలే," అన్నాడు జానమ్మతో.

ఆ వారమే చివ్వెంల దిక్కు ఒక పల్లెలో ఖాళీ గుడ్డ మీద ఇనుప ఎడ్లు నడిచాయి. గడ్డి తినవు, కుడితి తాగవు, పొద్దుగూకులు దున్నుతాయి. ఇంకో ఊళ్ళో నూనె లేని దీపం దారానికి వేలాడింది. మోట లేకుండా బావి నీళ్ళు కక్కింది. ఒకరోజైతే అరచేతిలో పట్టే పెట్టె వచ్చింది. కోదాడకు ఇచ్చిన బిడ్డ దానిలో మాట్లాడితే సూర్యాపేటలో తల్లికి వినపడుతుంది. ఉత్త గుడ్డ మీద కర్ర కదులుతుంటే జనం కళ్ళార్పకుండా చూసేవాళ్ళు. ముసలమ్మలు ఆ పెట్టె ఏ రంగుదని అడిగేవాళ్ళు. ఈదయ్య తడుముకోకుండా చెప్పేవాడు.

కానీ ఆయన ఏ వింతనూ ఊరికే వదిలేవాడు కాదు. జనం మురిసిపోతున్న వేళకు కర్ర ఆపి, "అంత దూరం మాట మోసేటోడు నడుమల ఇనకుంట ఉంటడా?" అనేవాడు. ఇనుప ఎడ్ల దగ్గర, "ఇవి ఎవల కొట్టంల ఉంటయి, నీ కొట్టంలనా దొర కొట్టంలనా?" అనేవాడు. నవ్వుతున్న జనం నవ్వు మాని ఇంటికి పోయేవాళ్ళు. మళ్ళీ ఏడాది అదే ముచ్చట చెప్పమని వాళ్ళే అడిగేవాళ్ళు.

కోదాడలో లక్ష్మయ్య అని ఒకాయన హోటలు నడిపేవాడు. బెజవాడ బస్సులో వచ్చే పత్రికలు విడవకుండా చదివేవాడు. ఒకసారి ఈదయ్య కథ విని, చాయ్ పోయించి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మీరు చెప్పేలాంటివే సీమదేశాల్లో పుస్తకాలుగా రాస్తున్నారు ఈదయ్యా. ఇంకా రాని బళ్ళ గురించి, లేని యంత్రాల గురించి. పెద్ద పేరున్నవాళ్ళే రాస్తున్నారు. మొన్న ఒక పత్రికలో అలాంటి కథే పడింది. దాంట్లో ఇనపమనిషి ఇంటి చాకిరీ అంతా చేసేస్తాడు."

"కూలి ఎవలిస్తరు?"

"ఇనపమనిషికి కూలెందుకయ్యా?"

"వానికి వద్దు తియ్యి. మరి ఇన్నాళ్ళు గా పని జేసిన జీతగాడు ఏడ వొయిండు? కథల ఉన్నడా?"

లక్ష్మయ్య ఆ కథను మనసులో మొదటి నుంచి తిరగేశాడు. "ఆ సంగతి రాసినట్టు లేదు," అన్నాడు.

"అయితె రాసినాయన దొరల దిక్కు మనిషే," అని ఈదయ్య తేల్చేశాడు. అయినా మనసు ఊరుకోలేదు. ముఖం కూడా చూడని ఆ రాతగాళ్ళు తన హక్కు ఊళ్ళల్లోకి వచ్చి గుంజ పాతినట్టే ఉంది ఆయనకు. తర్వాత కోదాడ వచ్చిన ప్రతిసారీ ముందు లక్ష్మయ్య హోటలుకే పోయేవాడు. సీమదేశపు పటంవాళ్ళు ఈసారి ఏం చెబుతున్నారని ఆరా తీసేవాడు. చంద్రుడి మీదికి బండి పోయిందంటే, అక్కడి భూమికి పట్టా ఎవరి పేర ఉందని అడిగేవాడు.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఆ రోజుల్లో మా దిక్కు ఎవరు ఏం చేసినా అంతే. ఒక పక్క నిజాం పోలీసులు, రజాకార్లు. ఇంకో పక్క దొరల మీద తిరగబడ్డ సంఘం. ఊరూరూ తిరిగేవాడంటే ఇద్దరికీ అనుమానమే. దొర గుమాస్తాలు, "రేపు ఎడ్లు లేకుంటనే ఎవుసం అయితదని చెప్తుండు, వీడు సంఘపోల్ల మనిషి," అన్నారు. సంఘం పిల్లలేమో, "రేపు గూడ దొరలే ఉంటరని చెప్తుండు, వీణ్ణి గడి దొర తోలిండు," అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

రజాకార్ల రోజుల్లోనే ఒక పోలీసు అమీను పటాన్ని ఠాణాకు తెప్పించాడు. అందరూ ఖాళీ గుడ్డ వైపు అంతగా చూస్తున్నారంటే అక్కడ కనబడని రాత ఏదో ఉండాలని ఆయన తెలివి. ఆ జాగాను నీళ్ళల్లో తడిపించాడు, పొగ పట్టించాడు, నిమ్మరసం కూడా రుద్దించాడు. ఏమీ తేలలేదు. ఈదయ్యను రెండు రోజులు కూర్చోబెట్టి పంపించేశాడు. పటం మాత్రం ఆ దెబ్బకు అంచుల దగ్గర చివికిపోయింది.

ఈదయ్యకు పట్టుకున్న బాధ అది కాదు. ఖాళీ జాగా సంగతి అమీనుకు ఎవరు చేరవేశారు? వెతికి వెతికి ఆయన చూపు ఇంట్లో మనిషి మీద ఆగింది. కథ అయిపోగానే సోమయ్య చెంబు పట్టుకుని చీకట్లోకి పోతాడు. వచ్చేసరికి ధోతికి పల్లేరుకాయలు ఉంటాయి. అడిగితే నవ్వుతాడు. అది ఒక అనుమానం. నెల తిరక్కుండానే ఇంకోటి వచ్చింది. తాము కథ చెప్పిన ఒక ఊరిమీద పోలీసులు పడేసరికి మగవాళ్ళు ఒక్కరూ ఇండ్లల్లో లేరు. ఎవరో ముందే చెప్పారు. ఎవరు చెప్పి ఉంటారు? మళ్ళీ సోమయ్యే కనబడ్డాడు. ఒక్క మనిషే పోలీసులకూ సంఘానికీ ఎట్లా పనిచేస్తాడని ఈదయ్య ఆలోచించలేదు. అనుమానానికి లెక్కలు రావు. పైకి మాత్రం ఒక్క మాటా అనలేదు. జానమ్మ ముందు అసలే అనలేదు. మనసులో పెట్టుకుని, మద్దెల దరువు వింటూ, కథ చెబుతూ తిరిగాడు.

తర్వాత యూనియన్ మిలిట్రీ వచ్చింది. రజాకార్లు ఖతమయ్యారు. నిజాం రాజ్యం పోయిందని సూర్యాపేటలో మిఠాయిలు పంచారు. ఇగ చల్లగా బతకొచ్చనుకునేలోపే మిలిట్రీ సంఘంవాళ్ళ వేటలో పడింది. దారుల మీద క్యాంపులు వెలిశాయి. కొత్తవాళ్ళ అనుమానం పాతవాళ్ళ అనుమానం కంటే పదునైనది. వీళ్ళకు భాష తెలియదు, మనుషులు తెలియదు. అందుకని అందరూ ఒకటే.

ఆ మరుసటేడు ఎండాకాలంలో పటం చచ్చిపోయింది. నవ్వకండి. పటం పాతబడి, బొమ్మల కళ్ళు చెరిగిపోతే ఆ వృత్తిలోవాళ్ళు చచ్చిపోయిందనే అంటారు. చినిగిందని పారేయరు. పసుపునీళ్ళు చల్లి, కొత్త తెల్లగుడ్డ చుట్టి, బియ్యం పోసి, ఏడ్చుకుంటూ తీసుకుపోయి ఏట్లో కలుపుతారు. ఆ తర్వాతే కొత్త పటానికి కళ్ళు తెరిపిస్తారు. దానికో కట్టడి ఉంది. పాత పటం మీద బియ్యం పోసిన దగ్గరి నుంచి నీళ్ళల్లో కలిపేదాకా, కర్ర పట్టినవాడు కథ నోటికి తేకూడదు. తెస్తే ఆ కథ చచ్చిన పటంతోనే పోతుంది. కొత్త పటం ఉత్త గుడ్డగా మిగిలిపోతుంది, దాని ముందు ఎంత అరిచినా కథ పలకదు. ఈదయ్య దేన్నయినా అనుమానించాడు గాని దీన్ని అనుమానించలేదు.

మూసీ పోయి కృష్ణలో కలిసే వాడపల్లికి బయలుదేరారు. మిర్యాలగూడ దాటాక ఎండ నడినెత్తికి వచ్చింది. తెల్లగుడ్డ చుట్టిన పటం ఈదయ్య భుజం మీద, పిడికెడు బియ్యం పోసిన చాట జానమ్మ చేతిలో. సోమయ్య సావు దరువు వాయిస్తూ ముందు నడుస్తున్నాడు. జానమ్మ రివాజు ప్రకారం శోకం తీస్తోంది. దూరం నుంచి చూసినవాడికి అది మనిషి సావే. దగ్గరి నుంచి చూసినవాడికి అది మనిషి కాదని తెలుస్తుంది, అప్పుడు ఇంకా పెద్ద అనుమానం వస్తుంది. పొడుగ్గా, సన్నగా, తెల్లగుడ్డలో చుట్టి ఉన్నదేమిటి?

క్యాంపు దగ్గర సిపాయిలు ఆపారు. తుపాకి కొనతో ముడి విప్పించారు. దుమ్ములో పటం దొర్లుకుంటూ తెరుచుకుంది. దేవుళ్ళు, తాటిచెట్లు, కుండలు, మోకులు. చివరికి ఖాళీ గుడ్డ. అక్కడున్న చిన్న అధికారి హిందీలో ఏదో అడిగాడు. కృష్ణ అవతలి నుంచి వచ్చిన దుబాసీ ఒకడు దాన్ని తెలుగు చేశాడు.

"తుపాకులు దాచారనుకున్నాం. గుడ్డేనా? గుడ్డ కోసం ఏడవడమేమిటయ్యా?"

"సచ్చిపోయింది దొరా," అన్నాడు ఈదయ్య.

దుబాసీ నవ్వాడు. అధికారి నవ్వలేదు. సోమయ్య దగ్గరకు పోయి మద్దెల లాగేసి సిపాయికిచ్చాడు. అంగీ విప్పమన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఆ కాలంలో మన భుజాలు వాళ్ళే తడిమేవాళ్ళు. సోమయ్య భుజం మీద నల్లగా కాయకాసిన చార ఒకటి ఉంది.

"ఇది తుపాకి పట్టా వేసుకున్న రాపిడి అంటున్నారు," అన్నాడు దుబాసీ.

"మద్దెల పట్టాది అయ్యా," అంది జానమ్మ. "కథ చెప్పుకునేటోల్లం."

అధికారి ఆ చారను మళ్ళీ చూశాడు. మనిషి చెడ్డవాడు కాదు, భయపడుతున్నవాడు. కథ చెప్పేవాళ్ళయితే ఇక్కడే చెప్పండి, నమ్ముతాను అన్నాడు. లేకపోతే వీణ్ణి లారీ ఎక్కిస్తాను అన్నాడు. లారీ తుమ్మచెట్టు నీడన నిలబడి ఉంది. దాంట్లో ఎక్కినవాళ్ళల్లో కొందరు ఎన్నాళ్ళకూ ఇండ్లకు రాలేదని మిర్యాలగూడ సంతలో జనం చెప్పుకునేవాళ్ళు.

ఈదయ్య చేతిలో కర్ర ఉంది. నాలుక మీద కథ ఉంది. చెబితే తాతలు మోసుకొచ్చిన కథ దుమ్ములో పడ్డ ఈ గుడ్డతోనే పోతుంది. చెప్పకపోతే సోమయ్య పోతాడు. ఎవరికైనా గుండె ఆగిపోయే చోటు అది. కానీ ఈదయ్య మనసు అక్కడ కూడా తన పాత దారే పట్టింది. ఆ చార నిజంగా మద్దెలదేనా? మద్దెల వీడు ఏ భుజాన వేసుకుంటాడు? కుడిభుజానా, ఎడమ భుజానా? ఇన్నేళ్ళు పక్కనే నడిచిన మనిషి, రోజూ చూసిన మద్దెల. ఆ క్షణాన ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. పల్లేరుకాయలు గుర్తుకు వచ్చాయి. ముందే ఖాళీ అయిన ఊరు గుర్తుకు వచ్చింది. వీడు అబద్ధమయితే, అబద్ధం కోసం కథను చంపుకోవాలా?

కళ్ళెత్తి సోమయ్య భుజం వైపు చూశాడు. తర్వాత ముఖం వైపు చూశాడు. సోమయ్య అప్పటికే ఆయన్నే చూస్తున్నాడు.

"బావా," అన్నాడు సోమయ్య, మెల్లగా.

ఈదయ్య కర్ర ఎత్తలేదు. జానమ్మ ఇద్దరినీ చూసింది. చాట కింద పెట్టి వచ్చి, మొగుడి చేతిలోని కర్ర అందుకుంది. ఆయన పట్టు వదల్లేదు. ఆమె గుంజుకుంది.

"కర్ర పట్టినోడు చెప్పొద్దన్నరు. నేను ఎన్నడు పట్టలే," అంది. దుబాసీ వైపు తిరిగి, "మద్దెల ఇప్పియ్యి అయ్యా. మద్దెల లేంది కథ నడువది," అంది.

సిపాయి మద్దెల ఇచ్చాడు. సోమయ్య పట్టా తలమీదుగా వేసుకున్నాడు. అది పోయి సరిగ్గా ఆ నల్లటి చారలో కూర్చుంది. అధికారి అది చూశాడు. ఈదయ్య కూడా చూశాడు.

జానమ్మ దేవుళ్ళ దగ్గర మొదలుపెట్టలేదు. దుమ్ములో పరిచి ఉన్న పటం చివరికి పోయి, ఖాళీ జాగా మీద కర్ర ఆనించింది. జీవితమంతా వంత పాడిన గొంతు మొదటిసారి కథ ఎత్తుకుంది.

"రాబోయే కాలంల ఒక రాజు ఉంటడు. ఆయన ఒక అద్దం జేయిస్తడు. మొకం సూపే అద్దం గాదు, మనసు సూపే అద్దం. ఎదుటోడు ఏమనుకుంటుండో దాంట్ల కనవడ్తది. ఇంటికొకటి పైస తీసుకోకుంట ఇస్తడు. జనం సంబురపడ్తరు. దొంగలు దొరుకుతరు. అబద్ధాలు ఆగిపోతయి. రాజును మెచ్చుకోనోడు ఉండడు."

మద్దెల అందుకుంది. దుబాసీ అధికారి చెవిలో చెబుతున్నాడు.

"ఇగ అత్త కోడలి ముందట అద్దం వెట్టకుంట బువ్వ తినది. మొగడు పెండ్లాం ముందట వెట్టకుంట పండుకోడు. సుట్టం గడపలకు వస్తే నీళ్ళు గాదు, ముందుగాల అద్దం దెస్తరు. ఎవల మనసుల లేనిది ఏమున్నది? అందరి మనసుల అంత కనవడ్తది. పెండ్లిల్లు ఆగిపోతయి. పొత్తులు ఇరిగిపోతయి. రాజు గూడ రాణి ముందట వెట్టుకుంటడు. ఆ దినం సంది ఆయనకు నిద్ర రాదు."

కర్ర ఖాళీ గుడ్డ చివరి అంచుకు జరిగింది.

"ఊరి చివర ఒక ఆడిమనిషి ఉంటది. ఆమె ఇంట్ల గూడ అద్దం ఉన్నది. ఆమె దాని మీద కొంగు గప్పింది. పొద్దుగూకినంక ఆమె తమ్ముడు వస్తడు. వాడు ఏడ వోయి వచ్చిండో, ఎందుకు వోయిండో ఆమెకు తెల్వది. పక్కింటోల్లు కిటికీల నుంచి అరుస్తరు, అద్దం సూడు, వాడు దొంగో దొరో సూడు అని. ఆమె వాణ్ణి ఒక్కటే అడుగుతది, ఆకలైతుందా అని. అయితుందంటడు. వెడ్తది. రాజు మనుషులు వచ్చి, ఏం సూసినవని అడుగుతరు. నేను సూడలే అంటది. ఆమె ముందట వాళ్ళ అద్దం వెడ్తరు. దాంట్ల తమ్ముడు బువ్వ తినుడు తప్ప ఏం కనవడది."

అక్కడ ఆపేసింది. దుబాసీ కొంతసేపటి నుంచి చెవిలో చెప్పడం మానేసి వింటున్నాడు. అధికారి భుజం తట్టేసరికి తేరుకుని మిగతాది గబగబా చెప్పాడు. అధికారి ఒక ప్రశ్న అడిగాడు.

"తర్వాత ఆవిణ్ణి ఏం చేశారని అడుగుతున్నారమ్మా."

"ఇంక గా కాలం రాలే గద అయ్యా," అంది జానమ్మ.

అధికారి ఖాళీ గుడ్డ వైపు చూశాడు. పటం చుట్టుకోమని చేత్తో సైగ చేసి గుడారంలోకి పోయాడు. లారీ కదలకుండా అక్కడే ఉంది.

పటం చుట్టుకుని ముగ్గురూ వాడపల్లి చేరారు. సంగమం దగ్గర మోకాటిలోతు నీళ్ళల్లోకి దిగి ఈదయ్య పటాన్ని వదిలాడు. రంగులు కాస్త నీళ్ళకు అంటుకున్నాయి, గుడ్డ మునిగిపోయింది. కట్టడి తీరింది. ఇప్పుడు ఏ కథైనా చెప్పొచ్చు. ఆయనకు ఒక్క ముక్కా నోటికి రాలేదు.

ఒడ్డుకు వచ్చేసరికి సోమయ్య మద్దెలను ఇసుకలో, అక్క కాళ్ళ దగ్గర పెట్టి ఉంచాడు. వంగి ఆమె కాళ్ళు మొక్కాడు. ఆమె వాడి తల నిమిరింది, ఎక్కడికని అడగలేదు. రేవులో అవతలి ఒడ్డుకు పోయే పుట్టి ఒకటి ఉంది. సోమయ్య పోయి దాంట్లో కూర్చున్నాడు. బావతో ఒక మాట లేదు.

పుట్టి సగం నీళ్ళు దాటాక ఈదయ్య వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ఎంత వద్దనుకున్నా నోరు ఆగలేదు.

"వాడు నిజంగ సంఘపోడేనా?"

"నాకు తెల్వది. నేను ఎన్నడు అడుగలే," అంది జానమ్మ, చూపు పుట్టి మీది నుంచి తిప్పకుండా. "నువ్వు గూడ నోరు దెరిచి అడుగలే. గని ఆడ వాని దిక్కు సూసినవు గద. గా సూపుల అడిగినవు. వాడు ఇన్నడు," అంది.

పుట్టి అవతలి ఒడ్డు తగిలేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు. సోమయ్య దిగి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు. ఆ చూపు అక్క కోసమే. ఊహ తెలిసినప్పటి నుంచి, పటం కట్టడి కాక, ఈదయ్యకు అనుమానం కలగని సంగతి అదొక్కటే.